పాదాల బండకు గడ్డపారతో వెళ్ళిన యాత్ర

ఆ ఊరి పేరు రాయను. ఎవరడిగినా చెప్పను. యాత్ర గురించి రాస్తూ ఊరి పేరు దాచిపెట్టడమేమిటని మా ఆస్పత్రి డ్యూటీ డాక్టరు నవ్వాడు. నవ్వుకోమన్నాను. పేరు రాస్తే ఇది చదివి కూడా ఎవడో ఒకడు గడ్డపార భుజాన వేసుకుని రైలెక్కుతాడు. మనవాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. తమిళనాడులో తాయిల్పట్టికీ వెంబకోట్టైకీ చుట్టుపక్కల, నల్లరేగడి చేల మధ్య ఉంటుందని మాత్రం చెప్తాను. అంతకు మించి నన్ను కోసినా చెప్పను.

నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. కాలిన గాయాల వార్డులో పని. నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి వారపత్రికల్లో సీరియళ్ళు చదవడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. రెండువేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్ళకి ఈ రహస్య గుర్తుల నవలల జాతర మొదలైంది. గుడి స్తంభం మీద పువ్వు కనబడితే అది పువ్వు కాదట, సంకేతమట. చర్చి కిటికీలో ఎర్రగాజు ఉంటే దాని వెనక ఒక రహస్య సంఘమట. కోట గోడలు, మసీదు మినార్లు, రాతి రథాలు, ఒక్కదాన్నీ వదల్లేదు. కట్టినవాళ్ళందరూ పనీపాటా లేక, ఎప్పుడో పుట్టబోయే ఒక ప్రొఫెసరు వచ్చి చిక్కు విప్పుతాడని ఎదురు చూస్తూ కట్టినట్టే రాసేవారు. నేనూ చదివాను. బాగానే ఉండేవి, కాదనను.

వాటిలో ఒకటి తెగ ఆడింది. విజయనగరం పడిపోయినప్పుడు ఒక తెలుగు దళవాయి నిధి పట్టుకుని దక్షిణానికి పారిపోతాడు. కోవిల్పట్టి పక్కనున్న కళుగుమలై గుళ్ళో ఆనవాళ్ళు చెక్కిస్తాడు. ఆ ఆనవాళ్ళు పట్టుకుని పోతే ఒక పల్లెలో బండ వస్తుంది. బండ మీద జతలు జతలుగా పాదముద్రలు. వాటి కింద నిధి. సీరియల్ అయిపోయాక, కూపన్లు నింపి పంపిన పాఠకుల్లో కొందరిని రచయితగారితో సహా ఆ చోట్లకు తీసుకెళ్తామని ప్రకటించారు. నాకు అవకాశం వచ్చింది. లీవు పెట్టేశాను.

విరుదునగర్: నూనెలో మునిగిన పరోటా

మదురైలో రైలు దిగి వ్యానెక్కాం. వ్యాన్లో అందరి కన్నా ముందు సీటు రచయితగారిది. నల్లకళ్ళద్దాలు, మెళ్ళో ఎర్ర మఫ్లరు. ఆ ఎండలో మఫ్లరేమిటి నా తల! ఆయన పక్కన విజయవాడలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడిపే ప్రసాదు. రచయితగారికి వీరాభిమాని. ఒళ్ళో చంటిపిల్లలా ఒక యంత్రం పెట్టుకున్నాడు. అది భూమిలో లోహం ఉంటే కుయ్యిమంటుందట. నేను నర్సునని తెలిసి అందరూ నన్ను సిస్టర్ గారూ అనడం మొదలెట్టారు. విరుదునగర్ చేరే లోపే నలుగురు బీపీ చూడమన్నారు.

విరుదునగర్లో పరోటా తినకుండా రావద్దు. మన దగ్గర పరోటాని పెనం మీద కాలుస్తారు. అక్కడ లోతు పెనంలో నూనె పోసి, పరోటాని అందులో బజ్జీలా వేయించి తీస్తారు. కరకరలాడుతుంది. ఆకులో వేసి చేత్తో చిదిమి, పైన మాంసం పులుసు పోస్తాడు. అది నానేలోపల తినేయాలి. మన ఊళ్ళో టీ, బన్నుకయ్యే ఖర్చుతో కడుపు నిండింది. వడ్డించే అతను నేను తెలుగులో మాట్లాడుతుంటే విని, మెల్లగా వంగి అడిగాడు.

"అమ్మా, మీరు తెలుగోళ్ళా? మా ఇంట్లోనూ తెలుగు దా. బైట తమిళం." దా అంటే తమిళంలో తాన్, మన 'తెలుగే'లో ఏకారం లాంటిది.

"ఏ ఊరు బాబూ మీది?"

"కారియాపట్టి పక్కన. మా తాతలు ఎప్పుడో ఆందరా నించి వచ్చినారంట. ఎందుకు వచ్చినారో తెలీదు. ఇంకొంచెం కూడు పెట్టేదా?"

కూడు అన్నాడని ప్రసాదు కిసుక్కున నవ్వాడు. మన దగ్గర ఆ మాట తిట్టుకో, బిచ్చానికో వాడతాం. అక్కడ అతిథికి కూడా కూడే పెడతారు. మనం ఎప్పుడో పారేసుకున్న మాటని వాళ్ళు పదిలంగా దాచుకున్నారు. నవ్వే హక్కు మనకెక్కడిది?

ఈలోగా ప్రసాదు యంత్రం హోటల్లో కుయ్యిమంది. అందరూ ఉలిక్కిపడ్డారు. తీరా చూస్తే బల్ల కింద పరోటా పెనాలు దొంతర పెట్టి ఉన్నాయి. రచయితగారు మాత్రం నవ్వలేదు. ఈ ప్రాంతమంతా భూమిలో ఏదో ఉందని గంభీరంగా సెలవిచ్చారు.

కోవిల్పట్టి: పల్లీ మిఠాయి, రచయితగారి ఉపన్యాసం

మర్నాడు పొద్దున సాత్తూరులో ఆగి కారాసేవు, అంటే లావుపాటి కారప్పూస, కొన్నాం. నోరు భగ్గుమంది. కోవిల్పట్టిలో పల్లీ మిఠాయి. మనం పల్లీ చెక్కీ అంటామే, అదే గానీ దీని రుచి వేరు. పల్లీలు అక్కడి నల్లనేలలో పండినవి, పాకం బెల్లంతో పట్టినది. పళ్ళకు అంటుకోదు. ఒక అంగట్లో పెద్దావిడ నా చేతిలో ఒక ముక్క పెట్టి, తిని చూసి కొనమంది. ఆవిడా తెలుగే, కాకపోతే మధ్యమధ్య అవునుకి ఆమా, చాలాకి రోంబ అని తమిళం దొర్లుతుంది.

"ఏమి చూసేకి వచ్చినారు మీరందరూ?" అని అడిగింది.

"కళుగుమలై గుడి చూద్దామని అమ్మా."

"ఆమా, చూడాల. రోంబ బాగుంటాది. కొండని పైన నించి కిందికి చెక్కుకుంటా వచ్చినారు. కష్టం కదా?"

ఆవిడ ఆ మాట ఎంత మామూలుగా అందో! కష్టం కదా? ఆ తర్వాత మూడు గంటల పాటు రచయితగారి నోట్లో ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. అందుకే నాకు గుర్తుండిపోయింది.

కళుగుమలై గురించి నేను సరిగ్గా వర్ణించలేను. ఒక కొండను తీసుకుని, చుట్టూ రాయి తొలిచేసి, మధ్యలో గుడిని మిగిల్చారు. పైన శిఖరం, దేవతలు, గణాలు, కోతులు, అన్నీ పూర్తయ్యాయి. కిందికి వచ్చేసరికి పని ఆగిపోయింది. కింద రాయి రాయిలాగే ఉంది. పక్క కొండ గోడ మీద జైన తీర్థంకరులు వరసల మీద వరసలు. చూస్తూ ఉంటే మాట పడిపోతుంది. నేను ఒక చోట కూలబడి కళ్ళు తుడుచుకున్నాను. నాకు అంత భక్తేమీ లేదు, కానీ అంత పని చూస్తే మనసు కరిగిపోతుంది.

రచయితగారు మఫ్లరు సర్దుకుని మొదలెట్టారు.

"చూశారా? పూర్తి చెయ్యలేదు. ఎందుకు? రహస్యం బయటపడుతుందని శిల్పులందర్నీ ఇక్కడే చంపేశారు."

"ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"చెప్పడమేమిటి సిస్టర్ గారూ, కనబడటం లేదూ? ఇంత పెద్ద పని ఊరికే ఆగుతుందా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎందుకాగదండీ? మా ఆస్పత్రి కొత్త భవనం ఎన్నేళ్ళ నుంచి మొండిగోడలతో ఉందో చూశారా? అక్కడ ఎవర్నీ చంపలేదు. కాంట్రాక్టరు పారిపోయాడు. రాజు పోయుంటాడు, యుద్ధమొచ్చుంటుంది, కరువొచ్చుంటుంది. పని మధ్యలో ఆగితే మీకు హత్య తప్ప ఇంకేం తోచదా?"

వెనక ఎవరో నవ్వారు. రచయితగారు నల్లకళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కథకుడికి ఊహ కావాలన్నారు. ఊహ కావాలి, ఒప్పుకుంటా. ఇంత కొండను చెక్కిన చేతుల్ని చూసి, ఆ చేతులు ఎవరివో ఊహించబుద్ధి కాని ఊహ ఏం ఊహండీ అది?

అప్పుడే ఆయన సంచిలోంచి ఒక వస్తువు తీశారు. ఎర్రటి టేకు పీట మీద బిగించిన రాతి ముక్క. అంచులు మిషను మీద కోసి నున్నగా పాలిష్ పట్టించారు. పీటకి ఇత్తడి రేకు, దాని మీద ఆయన పేరు, నవల పేరు. రాతి మీద రెండు పాదాల ముందు భాగాలు, పది వేళ్ళు.

"పాదాల బండ నుంచి తెచ్చింది. కిందటేడు అభిమానులు సన్మానంలో బహూకరించారు. నిజమైన ఆధారం. రేపు మీరంతా మిగతావి చూస్తారు."

అందరూ ఎగబడి ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ప్రసాదు ఫోటో తీయించుకున్నాడు. నా వంతు వచ్చినప్పుడు చేత్తో పట్టుకుని చూశాను. చిన్న పాదాలు. ఆడపిల్లవి. నాలుగు వందలేళ్ళ కిందటి దళవాయి దళంలో ఆడపిల్ల ఎక్కడిదని అడిగితే, ప్రసాదు ఆ ముక్క అందుకుని పక్కవాళ్ళకిచ్చేశాడు.

పేరు చెప్పని ఊళ్ళో, గురువమ్మ అరుగు మీద

మూడో రోజు ఆ ఊరు. దారి పొడుగునా అగ్గిపెట్టెల కంపెనీలు, టపాకాయల కంపెనీలు. ముళ్ళకంచె మధ్య చిన్న చిన్న గదులు, ఒకదానికొకటి దూరదూరంగా. ఒకటి పేలితే రెండోదానికి అంటుకోకూడదని అలా కడతారని డ్రైవరు చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచీ నాకు వార్డు వాసన ముక్కుకి తగులుతూనే ఉంది.

ఊరి బయట వ్యానాగింది. బండ దగ్గరికి చేలకడ్డం పడి నడవాలి. నా మోకాలు పట్టేసింది. మీరు పదండి, నేను నెమ్మదిగా వస్తానని చెప్పి మొదటి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నా వయసే ఉంటుంది. పేరు గురువమ్మ. నేను థాంక్స్ అమ్మా అని తెలుగులో అనేసరికి మొహం వెలిగిపోయింది.

"మీరు తెలుగు దానా! కూసో అక్కా, కూసో. కూడు తిన్నారా?"

మాటల్లోనే ఇంకో నలుగురు ఆడవాళ్ళు చేరారు. అందరూ టపాకాయల కంపెనీకి పోయేవాళ్ళే. ఆ పనిని అక్కడ పట్టాసు వేల అంటారు. వాళ్ళ వేళ్ళ సందుల్లో వెండిరంగు మందు అంటుకుని ఉంది. సబ్బుతో పోదట. నా చేతిలో ఆ సీరియల్ వచ్చిన వారపత్రిక చూసి గురువమ్మ అడిగింది.

"అక్కా, తెలుగు పుస్తకంలో మా ఊరి గురించి రాసినారంట, నిజమా? ఊరికూరికే కార్లలో వస్తా ఉండారు. ఏమి రాసినారని అడిగితే చెప్పరు. మాకు మాట్లాడేకి వస్తాది, చదివేకి రాదు. మాకు ఇస్కూల్లో తమిళం దా. నువ్వు చదివి చెప్తావా?"

ఎంత ఆశగా అడిగిందో! తమ ఇంట్లో మాట్లాడుకునే భాషలో, అచ్చులో, తమ ఊరి సంగతి. పిల్లలు కూడా వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. ఊరి పేరు చదవగానే ఒక కుర్ర కోడలు చప్పట్లు కొట్టింది. చెరువు దాటి వచ్చే దారి, నల్లచేలు, ఒంటరి బండ. "ఆమా, ఆమా, అట్లే ఉంటాది," అని అందరూ తలలూపారు. తర్వాత ఈ వాక్యాలు వచ్చాయి.

"ఆ ఊళ్ళో ప్రతి గడపలోనూ ఒక హంతకుడున్నాడు. నిధి కోసం వచ్చిన పరాయివాళ్ళను బలి ఇచ్చి, వాళ్ళ పాదాలను గుర్తుగా బండ మీద చెక్కడం ఆ తెగ ఆచారం."

నేను టక్కున ఆగిపోయాను. నేను చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర హాయిగా టీ తాగాను. ఇప్పుడు ఆ గడపలోనే కూర్చున్నాను.

"ఏల ఆపినావు? చదువక్కా," అంది గురువమ్మ.

అబద్ధం చెప్పి పేజీ తిప్పేయొచ్చు. కానీ నేను రోగి మంచం పక్కన కూడా అబద్ధం ఆడను. చదివాను. పేరా చివరి దాకా చదివాను. కుర్ర కోడలు చేతులు ఒళ్ళో పడిపోయాయి. గురువమ్మ నా చేతిలోని పేజీ మీద అరచెయ్యి పెట్టింది.

"అక్కా, ఆ పాదాలు మా పిల్లలవి."

ఆ ఊరి ఆచారం ఆవిడ చెప్పింది. పక్క ఊళ్ళలో ఇది లేదట. మందు గదిలోకి ఎవరూ చెప్పులతో పోకూడదు. రాపిడికి నిప్పు పుడుతుందని బయటే విడిచి పోతారు. గది పేలిపోతే లోపల మనిషి మిగలడు, బయట చెప్పులు మిగులుతాయి. ఇంటివాళ్ళు ఆ చెప్పులు తెచ్చుకుని, బండ మీద పెట్టించి, వాటి కొలతకి రాతిపని చేసే ఆచారి చేత పాదాలు కొట్టిస్తారు. తర్వాత ఆ చెప్పుల్ని చితి మీద పెట్టి కాలుస్తారు.

"కాల్చేకి ఏమన్నా ఒగటి ఉండాల కదా అక్కా," అంది.

కాలిన గాయాల వార్డులో ఇన్నేళ్ళు పనిచేశాను. మా దాకా వచ్చేవాళ్ళు కొనఊపిరితో అయినా మనిషిగా వస్తారు. మా దాకా రానివాళ్ళ గురించి నేను ఏనాడూ ఆలోచించలేదు.

"నా కూతురు రామలచ్చిమిది కూడా ఉండాది ఆడ. పోయి మూడేండ్లు. అమావాస్యకి పోయి ఆ పాదాల్లో నూనె పోసి దీపం పెడతా. పోయినేడు ఎవురో కార్లో వచ్చి గడ్డపారతో పెరికినారు. మడమలు దా మిగిలినాయి. వేళ్ళు ఎత్తుకొని పోయినారు. ఇప్పుడు నూనె పోస్తే నిలవదు, కారి పోతాది."

"మళ్ళీ కొట్టించలేదా అమ్మా?"

"కొలత యాడిది? చెప్పులు కాల్చేస్తిమి. కొలత లేకుండా కొట్టేది లేదని ఆచారి అనినాడు. అది నిజం దా. ఎవురి పాదమో కొట్టి నా బిడ్డ అంటే ఎట్లా? ఆ ముక్క తిరిగి దొరికితే అతికించి ఇస్తానన్నాడు. దొరికేకి మొక్కుకొని ఉండాను."

ఆ ముక్క ఎక్కడుందో నాకు తెలుసు.

"ఆ రాసిన ఆయన ఈడికి వచ్చినాడు అక్కా," అంది ఇంకొకావిడ. "నల్ల అద్దాలు. ఫోటోలు పట్టుకొన్నాడు. ఎండకి సోలి పోయి ఉంటే ఈ అరుగు మీదే మజ్జిగ ఇచ్చినాము. అడిగింటే చెప్పింటాము కదా. ఏమీ అడగలే."

మజ్జిగ తాగాడు! వాళ్ళ మజ్జిగ తాగి, వాళ్ళ పిల్లల్ని చూసి, వాళ్ళను అడక్కుండా, ఇంటికి పోయి వాళ్ళనే హంతకుల్ని చేశాడు. నా మోకాలు నొప్పి ఎటు పోయిందో తెలీదు. చేల గట్ల మీద పడి పరుగు లాంటి నడక నడిచాను. వెనక ఆ ఆడవాళ్ళందరూ వచ్చారు.

బండ

బండ పెద్దదేం కాదు. నేలకి కాస్త ఎత్తుగా, ఎండకు కాలుతూ ఉంది. దాని మీద పాదాలు. కొన్ని పెద్దవి, చాలావరకు చిన్నవి. నూనె మరకలు నల్లగా గడ్డకట్టి ఉన్నాయి. ఒకదాంట్లో వాడిపోయిన కనకాంబరాలు.

రచయితగారు బూట్లతో ఒక జత పాదాల్లో నిలబడి ఫోటో దిగుతున్నారు. ప్రసాదు యంత్రం పక్కన పెట్టి, గడ్డపార మొన ఇంకో పాదం కింద సందులో దూరుస్తున్నాడు.

"తియ్యరా అది!" అని అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా అరవలేదు. "తియ్యి! ఒక్క అంగుళం కదిలిందంటే ఆ గడ్డపారతో నీ వేళ్ళు విరగ్గొడతాను!"

ప్రసాదు గడ్డపార వదిలేశాడు. రచయితగారు బండ దిగకుండానే, "ఏమైంది సిస్టర్ గారూ, ఎండదెబ్బా?" అన్నారు.

"దిగండి ముందు. బూట్లతో ఎవరి మీద నిలబడ్డారో తెలుసా?"

చెప్పాను. ఒగరుస్తూ, దగ్గుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పాను. యాత్రకు వచ్చినవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు అక్కడికక్కడే చెప్పులు విప్పేశారు. రచయితగారు బండ దిగారు. కానీ ఏమన్నారో వినండి.

"పాపం, నాకు తెలీదు కదా. అయినా ఇదంతా కల్పితమని మొదటి వారమే వేశాం కదండీ. పాఠకులు గడ్డపార తెస్తే రచయితది తప్పా?"

"కల్పితమైతే మీ సంచిలో ఉన్నదేమిటి?" అన్నాను. "నిన్న నిజమైన ఆధారమని చూపించారే! ఊరి పేరు కల్పితమా? ఈవిడ ఇచ్చిన మజ్జిగ కల్పితమా? తాగేటప్పుడు నోరుంది గదా, ఇవి ఎవరివమ్మా అని ఒక్క మాట అడిగితే ఆ నోరు పడిపోయేదా?"

"నేను చరిత్రకారుణ్ణి కాదు..."

"మనిషేనా?"

ఆయన జవాబు కోసం నేను ఆగలేదు. సంచి లాక్కున్నాను. ఆయన మఫ్లరు కూడా దాంతో పాటు వచ్చేసింది. టేకు పీట తీసి గురువమ్మ చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని చూడగానే గుర్తుపట్టింది. కొంగుతో తుడిచింది. ఒక్కొక్క వేలు మీద వేలు పెట్టి నిమిరింది. "వచ్చినావా అమ్మీ," అంది, అంతే. పక్కనున్న ఆడవాళ్ళు భోరుమన్నారు. నేనూ ఏడ్చేశాను.

ఎవరో పరిగెత్తి ఆచారిని పిలుచుకొచ్చారు. రుబ్బురోళ్ళు కొట్టే పనిలోంచి అలాగే లేచొచ్చాడు. జుట్టు నిండా రాతి పొడి. ముక్కను పీట నుంచి ఊడదీసి, బండ మీద మిగిలిన మడమల దగ్గర పెట్టి చూశాడు. ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఆ కాస్తా అతికితే చాలు, ఈ దరిద్రపు యాత్రలో ఒక్క మంచి పని అయినా అవుతుందనుకున్నాను.

అతకలేదు. అందంగా కనబడాలని అభిమానులు అంచులు కోయించేశారు గదా! మడమకీ వేళ్ళకీ మధ్య అరచేయంత రాయి లేనే లేదు. అది ఏ పాలిష్ షాపులోనో పొడి అయి నీళ్ళలో కలిసిపోయింది.

"మెషిన్లో కోసేసినారు," అన్నాడు ఆచారి. "ఇది చేరదు అక్కా."

గురువమ్మ ఏడవలేదు. ఆ ముక్కను కొంగులో కట్టుకుంది. రచయితగారు దగ్గరికొచ్చి, కొత్త రాయి చెక్కించడానికి అయ్యే ఖర్చంతా తానే పెట్టుకుంటానని, కావాలంటే నల్లగ్రానైట్ మీద పేరు కూడా వేయిస్తానని అన్నారు. ఆవిడ ఆయన వైపు తిరిగి అడిగింది.

"అయ్యా, మా ఇండ్లలో హంతకులు ఉండారని రాసినావు. నువ్వు తప్పు రాసినానని మళ్ళీ రాస్తావా?"

ఆయన మొహం ఇబ్బందిగా పెట్టారు. "నవల పుస్తకంగా కూడా వచ్చేసిందమ్మా. ఇప్పుడు మార్చడమంటే... రెండో భాగంలో ఏమైనా చూద్దాం."

రెండో భాగం! ఇంకా రెండో భాగం ఉందట! నేను చెప్పు తీసేదాన్నే. ఆ బండ మీద చెప్పు ఎత్తడానికి మనసొప్పక ఆగాను.

గురువమ్మ విరిగిన మడమల పక్కన ఖాళీగా ఉన్న చోటికి నడిచింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, కాలుతున్న బండ మీద రెండు పాదాలు జోడించి నిలబడింది.

"గీయి," అంది ఆచారితో.

ఆచారి కంగారు పడ్డాడు. "ఏమక్కా ఇది? బతికుండే మనిషికి కొట్టేది లేదు. వద్దు, దిగు."

"ఆ పొద్దు దాని చెప్పు వారు తెగిపోయినాది," అంది గురువమ్మ. "పొద్దు పోయినాదమ్మా, బస్సు పోతాదని ఏడిస్తే నావి ఇచ్చి పంపినా. నువ్వు కొలత పట్టింది నా చెప్పులకి దా. అప్పుడు ఎవురికీ చెప్పలే. గీయి."

ఆచారి ఆవిడ పాదాల కేసి, పక్కనున్న మడమల కేసి మార్చి మార్చి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి సుద్దముక్క తీశాడు.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, బండ వేడికి తూలుతుందేమోనని. ఆవిడ తూలలేదు. నా వైపు చూసి మెల్లగా అంది.

"అక్కా, నీకు రాసేకి వస్తాది కదా. మీ ఊరికి పోయి రాయి. కింద ఏమీ లే అని రాయి. పైన ఉండేది దా మాది."

ఆచారి ఆవిడ కుడికాలి చిటికెనవేలు దగ్గర సుద్ద ఆనించి గీయడం మొదలెట్టాడు.